మాస్క్ పెట్టుకుంది ఉత్త భయానికేనా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మా వాడకట్టు గ్రూపుల ఒకటే మెసేజ్ మల్లా మల్లా తిరుగుతుంది. "కరోనాల జనం మాస్క్ పెట్టుకుంది ఫైన్ భయానికి, చావు భయానికి. దయ, ప్రేమ అన్నీ ఉత్త ముచ్చట్లు. నిజంగ ప్రేమున్నోళ్లు సొంతోళ్లకు దూరం ఉంటరా? రేపు ఇంకో రోగమొస్తే భయపెట్టుడే మందు" అని. దానికి మస్తు దండాలు పడ్డయి. నాకు మనసు ఊకోలే, ఒక్కో మాటకు జవాబు రాస్తున్న.

ఫైన్ సంగతి ముందుగాల. మాస్క్ లేకుంటే 1000 రూపాయలని మన సర్కార్ పెట్టింది నిజమే, దాంతోని కొందరు మారిన్రు, కాదంటలేను. కానీ హన్మకొండ చౌరస్తాల తిరిగినోళ్లకు యాదికుంటది, గడ్డం కింద వేలాడే మాస్క్ కానిస్టేబుల్ కనవడంగనే ముక్కు మీదికొచ్చేది, బండి మలుపు తిరగంగనే మల్ల కిందికి జారేది.

చావు భయమంటరా, 20, 25 ఏండ్ల పోరగాళ్లకు పానం మీదికొచ్చుడు చాలా తక్కువ, ముప్పంతా ముసలోళ్లకు, షుగర్, కిడ్నీ జబ్బులున్నోళ్లకు. జ్వరం రాకముందు ఒకట్రెండు రోజులసంది అంటుకునే రోగమాయె, బట్ట మాస్క్ ఎక్కువ ఆపేది మన నోట్లకెళ్లి వచ్చే తుంపర్లను. మరి తనకు పెద్దగ ఏం కాదని తెలిసిన పోరడు ఎండల చెమటలు కారంగ గూడ మాస్క్ తీయలేదంటే ఎవలి కోసం?

ఇది నా ఒక్కని మాట గాదు. 2020ల సైకలాజికల్ సైన్స్ జర్నల్‌ల జర్మనీ, బ్రిటన్, అమెరికా జనం మీద చేసిన స్టడీ వచ్చింది, ముప్పున్నోళ్ల మీద సానుభూతి ఎక్కువున్నోళ్లు దూరం పాటించుడు, మాస్క్ పెట్టుకునుడు గూడ ఎక్కువే అని తేలింది. ఉత్త సమాచారం చెప్పి ఊకుంటే పెద్ద ఫరక్ రాలే, జబ్బున్న భార్యను చూడబోలేని ఒక ముసలాయన గోస చూపించినంక దూరముండాలనే పట్టుదల పెరిగింది. అయితే అండ్ల కొలిచింది ఎక్కువగ జనం తమ గురించి తాము చెప్పిన మాటనే, వాళ్ల ఎనక తిరిగి చూసింది గాదు, అది గూడ చెప్పాలె.

ఇగ దూరముంటే ప్రేమ లేనట్టేనా? ఈ మాటకే నాకు కడుపుల మండింది. మన ఊర్లల్ల ఇంట్ల పిల్లకు అమ్మ పోస్తే గడపకు యాపమండలు కట్టకపోదురా? ఆ మండలు చూసి పక్కింటోళ్లు లోపటికి రారు, అట్లని ఎవ్వలన్న తప్పుపట్టిన్రా? 2020ల మా తమ్ముడు హైదరాబాద్‌కెళ్లి వచ్చి 14 రోజులు మీది అర్రల ఉన్నడు. మా అమ్మకు షుగర్. పొద్దుగాల మెట్టు మీద స్టీలు గిన్నెల బువ్వ పెట్టి, కిందికి దిగి, వాకిట్ల నిలవడి "తిన్నవా బిడ్డా" అని ఒర్లేది, వాడు కిటికీలకెళ్లి ఖాళీ గిన్నె ఎత్తి చూపిస్తేనే లోపటికి పోయేది. వానికైతే అమ్మకు ఏమన్న అయితదేమో అన్న రంధే, ఏ పోలీసు చెప్పలే మీదనే ఉండుమని.

భయపెడితే ఏమైతదో గూడ మనం చూసినం. 2020 మార్చిల డాక్టర్లను, నర్సులను కిరాయి ఇండ్లు ఖాళీ చేయమన్నరని దేశమంతా వార్తలొచ్చినయి, అది భయం చేయించిన పనే. మా వాడకట్టుల ఒకాయనకు జ్వరమొస్తే నలుగురు వెలేస్తరని టెస్టుకు పోలే, ఎవ్వలకు చెప్పలే, వారం దినాలు గోళీలు మింగుకుంట తన కిరాణా దుకాణంలనే కూసున్నడు, మనమంతా పోయి ఆయన చేతులకెళ్లే చిల్లర తీసుకున్నం.