మంచాల లెక్క చాలదు

ప్రభుత్వాసుపత్రి పనితీరు ఎలా ఉందని అడిగితే అధికారుల దగ్గర మూడు అంకెలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: ఓపీ ఎంత, ఐపీ (వార్డుల్లో చేరినవాళ్లు) ఎంత, ఆపరేషన్లు ఎన్ని. తాకిడి ఎంతో వాటితో తెలుస్తుంది. దాన్ని ఎలా నెగ్గుకొస్తున్నారో తెలియదు.

1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులొస్తారు. ఇంత భారం మోసే బోధనాసుపత్రిని కొలవడానికి పడకల భర్తీ శాతం, రోగి సగటున ఉన్న రోజులు, ఒక్కో పడక మీద మారిన రోగుల సంఖ్య చూస్తారు. మూడింటినీ ఒకే పటంలో చూపే పద్ధతిని పాబన్ లాసో అనే పరిశోధకుడు 1986లోనే రూపొందించారు. పనికొచ్చేదే, కానీ గుడ్డిగా నమ్మితే ముప్పు. వంద పడకలకు 120 మంది ఉంటే కాగితం మీద అది భేషైన పనితీరు. వార్డులో అదే నేల మీద చాప, కిటికీ ఊచకు వేలాడే సెలైన్ సీసా. ‘లామా’ (డాక్టర్లు వద్దన్నా వెళ్తున్నామన్న కాగితం) రాసి ఇంటికి తీసుకుపోయినవాళ్లనూ, చనిపోయినవాళ్లనూ కలిపేస్తే సగటు రోజులు తగ్గి లెక్క ఇంకా ముచ్చటగా కనిపిస్తుంది.

అసలు చూడాల్సింది రోగి నిరీక్షణ. ముప్పై పడకల ఎముకల వార్డుకు నెలకు 900 పడక రోజులు (ముప్పై పడకలు, ముప్పై రోజులు). ఒక్కొక్కరూ తొమ్మిది రోజులుంటే వందమందికి వైద్యం అందుతుంది. ఆపరేషన్‌కు ముందు ఊరికే గడిచే మూడు రోజులు తగ్గితే నూట యాభై మందికి. కొత్త మంచం ఒక్కటీ కొననక్కర్లేదు. ఆ మూడు రోజులూ ఎక్కడ పోతున్నాయి? మత్తు డాక్టరు ఫిట్‌నెస్ దగ్గరా, ఎకో (గుండె స్కానింగ్) వంతు దగ్గరా, రక్తం కోసమా, ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి కోసమా? ఈ నిరీక్షణ లెక్కను విభాగాలవారీగా నెలనెలా బయటపెట్టాలన్నది మా డిమాండ్. మూలనపడ్డ యంత్రాల లెక్క, ఖాళీ పోస్టుల లెక్క కూడా పక్కనే ఉండాలి. లేకపోతే నిందంతా డ్యూటీలో ఉన్న నర్సు నెత్తినే పడుతుంది.

కార్పొరేట్ ఆసుపత్రితో పోలికలు తెచ్చేవారికి ఒక మాట: బిల్లు కట్టలేని రోగిని చివరి దశలో ఇటు పంపేసే వెసులుబాటు వాళ్లకుంది. పెద్దాసుపత్రికి ఎవర్నీ పొమ్మనే వీలు లేదు.

నిరీక్షణ లెక్క తీయడానికి కన్సల్టెన్సీలు, కోట్ల టెండర్లు అక్కర్లేదు. ఎముకల విభాగంతోనే మొదలుపెట్టవచ్చు. చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ రెండూ కేసు షీటులోనే ఉంటాయి.