స్టెప్నీ సబ్జెక్టు

పోయిన వారం మా అమ్మాయి బడి నుంచి ఒక ఫారం పట్టుకొచ్చింది. మందపాటి కాగితం, పైన బంగారు రంగు లోగో. తొమ్మిదో తరగతికి వెళ్తున్న మీ చిన్నారి భవిష్యత్తును తీర్చిదిద్దే స్కిల్ సబ్జెక్టును తల్లిదండ్రులుగా మీరే స్వేచ్ఛగా ఎంచుకోండి, అని రాసుంది. కింద ఒకటే గడి. అందులో 417, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని అచ్చేసి, టిక్కు కూడా వాళ్ళే పెట్టేశారు. నా స్వేచ్ఛంతా కింద సంతకం చేయడంలో ఉంది.

సీబీఎస్‌ఈ వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ జాబితాలో తొమ్మిది, పది తరగతులకు ఇరవైకి పైగా స్కిల్ సబ్జెక్టులున్నాయి. 401 రిటైల్, 402 ఐటీ, 404 ఆటోమోటివ్, 405 ఫైనాన్షియల్ మార్కెట్స్, 408 వ్యవసాయం, 411 బ్యాంకింగ్ అండ్ ఇన్సూరెన్స్... చదువుతుంటే పెళ్ళి భోజనం మెనూ చూసినట్టుంటుంది. విస్తట్లోకి మాత్రం ఉప్మాయే వస్తుంది. మా అమ్మాయికి ఆటోమోటివ్ కావాలట. వాళ్ళ మేనమామకు ఆటోనగర్‌లో షెడ్డుంది, సెలవులొస్తే ఇది అక్కడే, చేతులకు గ్రీజు పూసుకుని తిరుగుతుంది. సరే అడిగి చూద్దామని వెళ్ళాను. ప్రిన్సిపల్ మేడమ్ నన్ను జాలిగా చూసి "404నా సార్? ఆడపిల్లకా?" అన్నారు. వెబ్‌సైట్ తెరిస్తే పేజీ దొరకనప్పుడు వచ్చే నంబరు కూడా 404యే. ఆ కోడ్ వేసినాయన ఎవరోగానీ మన బళ్ళ సంగతి ఎరిగినవాడే.

పోనీ ఆ 417లో ఏం నేర్పుతారు మేడమ్ అంటే, ఆవిడ గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. "మాథ్సో సైన్సో సోషలో, ఏదన్నా ఒకటి పోయిందనుకోండి సార్, దాని బదులు ఈ ఆరో సబ్జెక్టు లెక్కేస్తారు. థియరీకి 50, ప్రాక్టికల్స్‌కి 50. ఆ రెండో 50 సంగతి మేం చూసుకుంటాం." నిజమే, రూల్ అలాగే ఉంది. అంటే ఇది స్టెప్నీ. కారు వెనక పడుంటుంది, గాలుందో లేదో టైరు పేలేదాకా ఎవడూ చూడడు. ఆటోమోటివ్ లేదన్నారుగానీ పాపం, అందులో మొదటి పాఠం ఆఫీసు రూములోనే ఉచితంగా చెప్పారు.

ఈ సబ్జెక్టు 2019-20లో వచ్చింది. పుస్తకం చెడ్డది కాదు, నేను తిరగేశాను. ఒక సమస్యను ఎలా పట్టుకోవాలి, ఎవరికి, ఏమిటి, ఎక్కడ, ఎందుకు అని నాలుగు ప్రశ్నలు ఎలా వేసుకోవాలి, డేటా ఎక్కడ తెచ్చుకోవాలి, అని చక్కగానే రాశారు. మా బళ్ళో దీన్ని సోషల్ సార్ చెబుతారు. రెండు రోజుల ట్రైనింగుకి పంపారట ఆయన్ని. ల్యాబు తాళం పీఈటీ సార్ దగ్గర ఉంటుంది, ఆయన గ్రౌండులో ఉంటాడు. తాళం దొరికిన రోజున పిల్లలు బయట బూట్లు విప్పి, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళి, గుడ్డ కవర్లు కప్పిన కంప్యూటర్లను దర్శనం చేసుకుని వస్తారు. ప్రాక్టికల్ రికార్డు మాత్రం బడి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో 120 రూపాయలకు రెడీగా దొరుకుతుంది. పైథాన్ ప్రోగ్రాములూ వాటి అవుట్‌పుట్లూ అన్నీ ఉంటాయి, పేరు రాసుకోవడమే మన పని.

పని నేర్పే చదువు అని మనవాళ్ళు అనడం 1937లో వార్ధాలో గాంధీగారి విద్యా సదస్సుతో మొదలైంది. తరవాత కొఠారీ కమిషన్, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ, 2020లో కొత్త విద్యా విధానం. ప్రతిసారీ పేరు మారింది. మా కాలంలో ఎస్‌యూపీడబ్ల్యూ అనేవాళ్ళు, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అని. నేను మైనపు వత్తులు చేశాను. ఒక్కటీ వెలగలేదుగానీ, కనీసం వేళ్ళు కాలాయి.

ఇక బిజినెస్ సంగతి. మా బళ్ళో జనవరిలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ డే జరుగుతుంది. ఈసారి మా అమ్మాయి టీమ్ పెట్టింది నిమ్మరసం కంపెనీ. ఐదుగురు పిల్లలు. సీఈఓ, సీఎఫ్‌ఓ, సీటీఓ, సీఎంఓ, ఇంకొకడు కో-ఫౌండర్. అందరి మెడలోనూ ట్యాగులు. పదింటికి రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి, స్టాల్ తెరిచాక తెలిసిందేమిటంటే కంపెనీలో నిమ్మకాయ పిండే పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆ అర్హతలున్న అభ్యర్థి చుట్టుపక్కల నేనొక్కడినే. మూడు గంటలు పిండాను. నాకూ ట్యాగ్ ఇచ్చారు, వాలంటీర్ అని. గోరు పక్కన చిన్న గాటు ఉంది నాకు, ఆ సంగతి కంపెనీ పట్టించుకోలేదు.

వాళ్ళది మామూలు నిమ్మరసం కాదు, ఏఐ నిమ్మరసం. సీటీఓ ట్యాబ్‌లో ఒక యాప్ చేశాడు (చేసింది వాళ్ళ బాబాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్). మనిషి రాగానే ట్యాబ్ అడుగుతుంది, మీకు తీపి కావాలా, ఉప్పు కావాలా అని. తీపి నొక్కితే కాసేపు చక్రం తిరిగి, చప్పట్ల శబ్దం వచ్చి, "మీకు తీపి ఇష్టమని మా ఏఐ కనిపెట్టింది" అని తెర మీద పడుతుంది. అప్పుడు సీటీఓ వెనక్కి తిరిగి నాతో "అంకుల్, ఒకటి స్వీట్" అంటాడు. జడ్జిలకు ఆ చక్రం తెగ నచ్చింది.

గ్లాసు 60 రూపాయలు. నిమ్మకాయలు తెల్లవారుజామున రైతుబజార్‌కి వెళ్ళి తెచ్చింది నేను, పంచదార మా ఇంటిది, ఐసు డబ్బులు నావి. మధ్యాహ్నానికి దాహమేసి ఒక గ్లాసు తీసుకోబోతే సీఎఫ్‌ఓ చెయ్యి అడ్డం పెట్టింది. "అంకుల్, పేమెంట్?" ఇచ్చాను. నా నిమ్మకాయను నేను రెండోసారి కొనుక్కున్నాను. సాయంత్రం స్లైడులో చూపించారు: పెట్టుబడి సున్నా, అమ్మకాలు 2,280, లాభం 2,280. హాలంతా చప్పట్లు. పెట్టుబడి పక్కన సున్నా చూసి మా ఆవిడ నా వైపు చూసింది. నేను నా గోరు వైపు చూసుకున్నాను.

ఆ వరసలో చివరి స్టాల్ ఒక అబ్బాయిది. టీమ్ లేదు, ట్యాగ్ లేదు, ఒక్కడే. వాళ్ళ నాన్న సాయంత్రాలు బందరు రోడ్డు మీద బండి పెడతాడట. బళ్ళో స్టవ్ వెలిగించనివ్వరు కాబట్టి వీడు మరమరాల మిక్చర్ పెట్టాడు. ఉల్లిపాయలు మనిషి వచ్చాకే తరుగుతున్నాడు. ముందే కోసి పెట్టుకోవచ్చుగా బాబూ అన్నాను. "నీరు దిగి మరమరాలు మెత్తబడిపోతాయి అంకుల్" అన్నాడు, చెయ్యి ఆపకుండా. ఇంటి నుంచి చిల్లర తెచ్చుకున్నది వాడొక్కడే. మా సీఈఓలూ సీఎఫ్‌ఓలూ 500 నోట్లు పట్టుకుని రోజంతా వాడి దగ్గరికే పరుగెత్తారు. రెండింటికి సరుకైపోతే, వచ్చిన డబ్బుతో గేటు అవతల కొట్లో మళ్ళీ మరమరాలు కొనుక్కొచ్చి మళ్ళీ అమ్మాడు. పొట్లాలు పాత ఏఐ నోట్సు చించి చుట్టాడు. నా పొట్లం మీద డేటా ఎక్స్‌ప్లొరేషన్ అని ఉంది, కాస్త నూనె మరక పడి.

జడ్జి వచ్చి నీ యూఎస్‌పీ ఏంటి అన్నాడు, అంటే మిగతావాళ్ళ దగ్గర లేని నీ సరుకు ప్రత్యేకత ఏంటని. వాడికర్థం కాలేదు. "ఉప్పు సరిపోయిందా సార్?" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఇద్దరు టీచర్లూ నవ్వారు. నీ స్టాల్‌కి లోగో ఏదీ, పీపీటీ ఏదీ అనడిగి, కాగితం మీద "ప్రెజెంటేషన్ మెరుగుపడాలి" అని రాసుకుని వెళ్ళిపోయాడాయన. ఫస్ట్ ప్రైజు మాకే వచ్చింది.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. సిగ్గులేదూ? ఆ ప్రాంగణం మొత్తంలో వ్యాపారం చేసినవాడు వాడొక్కడు. కొనడం, అమ్మడం, పాడవకుండా చూసుకోవడం, వచ్చినదాన్ని తిప్పడం అన్నీ తెలిసినవాణ్ణి నిలబెట్టి నవ్వి, వాడికి బిజినెస్ రాదని మార్కులేశారు మీరు. పద్నాలుగేళ్ళ పిల్లాడు అమ్మానాన్నల పనిని చూసి నేర్చుకున్న విద్య, ఇంగ్లీషు స్లైడులో లేదని విద్య కాకుండా పోయిందా? ఇదే రాష్ట్రంలో ఇంటర్ ఒకేషనల్ చదివి నిజంగా ఇంజను విప్పి బిగించిన కుర్రాడు ఇంజనీరింగ్‌లో చేరాలంటే ముందు బ్రిడ్జి కోర్సు అనే అదనపు పరీక్షలు పాసవ్వాలి. చేతి పని వచ్చినవాడు వంతెన కట్టుకుని రావాలి. మెడలో ట్యాగ్ ఉన్నవాడికి మాత్రం రెడ్ కార్పెట్. ఆ ప్రైజు కప్పు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఫారం సంగతి చెప్పలేదు కదూ. మా అమ్మాయి 417 కొట్టేసి, పక్కన నీలం పెన్నుతో 404 అని రాసింది. కారణం రాయమన్న గీత మీద "స్టెప్నీ మార్చడం నాకు ఆల్రెడీ వచ్చు, మిగతాది నేర్చుకోవాలి" అని రాసింది. నేను సంతకం పెట్టాను.

నిన్న ఆఫీసు రూము నుంచి ఫోను. "సార్, మీ ఫారంలో కోడ్ పొరపాటున తప్పు పడింది. పర్లేదులెండి, మేమే దిద్దేశాం."