అప్‌లోడ్ అయినదే విద్య

మన పూర్వీకుల విద్యావిధానంలో ఎన్నో సుగుణాలు ఉండవచ్చు గానీ, ఒక ఘోరమైన లోపం మాత్రం ఉండేదని ఒప్పుకోక తప్పదు. పిల్లవాడికి చదువు వచ్చిందనడానికి వాడు చదివి వినిపించడం తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. వీధి అరుగు మీద ఇసుక పోసి, వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించి, అరచేత్తో చెరిపేసి మళ్లీ దిద్దించిన ఆ పంతులుగారికి బ్యాకప్ అనే ఆలోచనే లేదు. పన్నెండో ఎక్కం కుర్రవాడి నోట్లో ఉండేది. నోట్లో ఉన్నదాన్ని ఫొటో తీసి పైఅధికారులకు పంపడం ఎలాగో ఆ కాలపు మేధావులకు తట్టలేదు. ఇంతమంది పండితులు పుట్టిన గడ్డ మీద, వాళ్లలో ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకు బడికి వచ్చారో, మధ్యాహ్నం గుడ్డు తిన్నారో లేదో చూపించే డ్యాష్‌బోర్డు ఒక్కటి కూడా మనకు మిగలకపోవడం చరిత్రకు తీరని లోటు.

ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వాలూ కంపెనీలూ అర్ధ శతాబ్దంగా చేస్తున్న కృషిని, ముఖ్యంగా ఈ అయిదారేళ్లలో మన రెండు రాష్ట్రాల్లో అది ఎక్కిన శిఖరాలను పాఠకులకు సవినయంగా నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వ్యాసకర్త ప్రగతి నిరోధకుడు కాడు. ఇలాంటి విషయాల మీద నోరు విప్పినవాణ్ని పలకా బలపం కాలపు మనిషిగా జమకట్టడం మనవాళ్లకు ఆనవాయితీ కనుక ఈ మాట ముందుగానే మనవి చేసుకోవలసి వస్తోంది.

విద్య ఆకాశం నుంచి మన పల్లెల్లోకి మొదటిసారి దిగివచ్చింది 1975 ఆగస్టు 1న. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. కోళ్లఫారాలకు కట్టే ఇనుపవలతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నాలు ఊరిలో నిలబడి అంతరిక్షంలోకి చూసేవి. మరుసటి ఏడాది జులై 31న గడువు తీరింది, ఉపగ్రహం యజమాని దగ్గరికి వెళ్లిపోయింది. అరువు సొమ్ము బరువు చేటు అన్న సామెతను ఉపగ్రహం ద్వారా, ప్రయోగపూర్వకంగా బోధించిన ఘనత ప్రపంచంలో మన దేశానికే దక్కి ఉంటుంది.

ఆ తరువాత ఆకాశం పేరుతోనే ఒక పరికరం వచ్చింది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను బిగించింది మన హైదరాబాదులోనే. ప్రభుత్వం ఒక్కొక్కటీ 2,276 రూపాయలకు కొన్నది. దాని తెర వేలితో సుతారంగా తాకితే పలికే రకం కాదు, గట్టిగా నొక్కాలి. కొందరు దీన్ని లోపమన్నారు గానీ, విద్యార్థుల్లో పట్టుదల పెంచే సదుద్దేశం వారికి అర్థమైనట్లు లేదు. 2017లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు కేంద్రం వారి ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘దీక్ష’ మొదలయ్యాక పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ వెలిసింది. అందులోని తెల్లగడులను పిల్లలు ఓపిగ్గా బాల్‌పెన్నుతో నింపి, ఏ ఫోనూ చదవలేని స్థితికి తెస్తుంటారు. తమకు అర్థం కాని పాఠం ఫోనుకు మాత్రం ఎందుకు అర్థం కావాలన్నది వారి వాదన కాబోలు.

అయితే ఇవన్నీ విత్తనాలే. పంట చేతికి వచ్చింది 2022 డిసెంబరు 21న, నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పుట్టినరోజున. ఆయన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించిన కార్యక్రమం కింద 4,59,564 మంది ఎనిమిదో తరగతి పిల్లలకూ, 59,176 మంది ఉపాధ్యాయులకూ ట్యాబులు అందాయి. లోపల పాఠాలు బైజూస్ కంపెనీవి. మరుసటి సంవత్సరం అదే తేదీన, ఈసారి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలుపెట్టి, ఇంకో 4,34,185 ట్యాబులు ఇచ్చారు. ఇంత పెద్ద సంఖ్యలను చివరి అంకెతో సహా చెప్పగలగడం సామాన్య విషయం కాదు. వీటిని పుచ్చుకున్న పిల్లల్లో భాగహారం ఎంతమందికి వచ్చునన్నది కూడా ఇలాగే చివరి అంకెతో సహా చెప్పమని అడిగేవారు కొందరు ఉంటారు. ట్యాబులను లెక్కపెట్టినట్లు భాగహారాలను లెక్కపెట్టడం కుదరదని, భాగహారానికి సీరియల్ నంబరు ఉండదని వారికి ఎవరు చెప్పాలి?

పాఠాలు చెప్పిన కంపెనీ కథ ఇంకా బోధప్రదం. భారత క్రికెట్ బోర్డుకు 158.9 కోట్ల రూపాయలు బాకీ పడిన కేసులో 2024 జులై 16న కంపెనీ లా ట్రైబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. ఆటల్లో పడితే చదువు గంగలో కలుస్తుందని తరతరాలుగా మన ఇళ్లలో పెద్దలు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ హితవు ఎనిమిదో తరగతి కుర్రవాడికే కాక, జాతీయ జట్టు చొక్కాల మీద పేరు వేయించుకునే కంపెనీలకు కూడా వర్తిస్తుందని ఎవరూ ఊహించలేదు.

ఈ రంగంలో శాస్త్రీయ పరిశోధన కూడా బాగా పెరిగింది. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, యునెస్కో నివేదికను ఉటంకిస్తూ, బడుల్లో సెల్‌ఫోన్లను నిషేధించింది. పిల్లలు ఫోను తేనేకూడదు, ఉపాధ్యాయులు తరగతి గదిలోకి తీసుకుపోకూడదు. అదే ప్రభుత్వం ఆ డిసెంబరులోనే పైన చెప్పిన రెండో విడత ట్యాబులు పంచింది. ఇందులో వైరుధ్యం ఉందని భ్రమపడేవారు కొలతల శాస్త్రం తెలియనివారు. ఫోను తెర సుమారు ఆరున్నర అంగుళాలు, పంచిన ట్యాబు తెర 8.7 అంగుళాలు. కాబట్టి పిల్లల మనసును చెడగొట్టే తెరకూ, వికసింపజేసే తెరకూ మధ్య సరిహద్దు ఆరున్నరకూ 8.7కూ నడుమ ఎక్కడో ఉందని తేలుతోంది. ఈ నడుమ గల రెండంగుళాల ప్రాంతం మీద మన విశ్వవిద్యాలయాలు ఇకనైనా దృష్టి పెట్టాలి. పల్లెపిల్లల చదువు స్థితిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వారిలో అంతకుముందు వారం దానితో చదువుకు సంబంధించిన పని ఏదైనా చేసినవారు 57 శాతం, సోషల్ మీడియా చూసినవారు 76 శాతం. వ్యాసకర్తకు ఆశ్చర్యం కలిగించినది ఆ 57. ఇంటిలో పెద్దల మీద ఇలాంటి సర్వే ఇంతవరకు జరపకపోవడం వెనుక ఏదో దూరాలోచన ఉండే ఉంటుంది.

పిల్లల సంగతి అలా ఉంచి, సాంకేతికత అసలు ప్రతిభ చూపింది గురువుల విషయంలో. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ ఆధారిత హాజరు వచ్చింది. ఉపాధ్యాయుడు తన సొంత ఫోనులో, తన సొంత డేటాతో, తన సొంత ముఖాన్ని బడి ఆవరణలో నిలబడి ఉదయం తొమ్మిదిలోగా ఫొటో తీసుకోవాలి. సంఘాలు అభ్యంతరం చెప్పాయి. వ్యాసకర్తకు మాత్రం ఇందులో అభ్యంతరకరమైనది ఏదీ కనిపించదు. ఇరవయ్యేళ్లు పనిచేసిన బడిలో తనను ఎవరైనా రోజూ ముఖాముఖిగా పలకరించాలని ఏ మనిషికి ఉండదు? గురువు లేని విద్య గుడ్డి విద్య అని వెనకటివాళ్లు అన్నారు. సిగ్నల్ లేని గురువు అసలు ఉన్నట్లే లెక్క కాదన్నది దానికి కాలానుగుణమైన సవరణ.

సిగ్నల్ అందని బడులు ఉంటాయి. నేనెరిగిన ఒక ఏజెన్సీ ఊరిలో బడి లోయలో ఉంది, సిగ్నల్ చెరువుగట్టు మీద చింతచెట్టు కింద ఉంది. బడి ఆవరణలో హాజరు పడదు. హాజరు పడే చోట బడి లేదు. రెండింటిలో ఒకదాన్ని కదిలించవలసి వస్తే ఏది తేలికో ఆలోచించమని నేను ఆ ఊరి పెద్దలకు సలహా ఇచ్చాను. చింతచెట్టు కింద బడి పెట్టడం మనకు కొత్త కూడా కాదు.

హాజరుతో పని అయిపోదు. పప్పు ఉడికిన సంగతి ఒక యాప్‌లో, గుడ్ల సంఖ్య అందులోనే ఇంకో గడిలో, మరుగుదొడ్లు కడిగిన సంగతి ఫొటోలతో సహా వేరే చోట నమోదు చేయవలసి వచ్చేది. బీఈడీలో మనోవిజ్ఞానం, బోధనా పద్ధతులు చదువుకుని వచ్చిన మాస్టారు ప్రతి ఉదయం మరుగుదొడ్డి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని వెలుతురు చూసుకుంటూ ఫొటో తీసిన రోజులు తెలుగునాట ఉన్నాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ మరుగుదొడ్ల ఫొటోల బాధ్యత తప్పించింది. వేర్వేరు యాప్‌లను కలిపి 2025లో ‘లీప్’ అనే ఒకే యాప్‌గా చేసింది. పది మూటలను ఒకే బస్తాలో వేసి నెత్తికెత్తితే మోసేవాడికి మూటల సంఖ్య తగ్గిన మాట నిజమే కదా. తెలంగాణ కూడా వెనుకబడలేదు. అక్కడ 2023లోనే పిల్లల ముఖాలకు కూడా హాజరు మొదలైంది. తరగతిలో ముప్పై మంది ముఖాలను ఒక్కొక్కటిగా ఫోనుకు చూపించి, పడనివారిని మళ్లీ చూపించి ముగించేసరికి మొదటి పీరియడ్‌లో పాఠానికి ఎంత మిగులుతుందో లెక్కవేయడం పిల్లలకు మంచి అభ్యాసం; కాలం, పని లెక్కలు సిలబస్‌లో ఉన్నవే.

ప్రైవేటు బడుల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. అక్కడ ‘స్మార్ట్ క్లాస్’ అనేది ఫీజు రసీదులో ఒక వరుస. హోంవర్కు రాత్రి తొమ్మిదికి తల్లుల వాట్సాప్ గ్రూపులో దిగుతుంది. దాని కింద నలభై నమస్కారాల బొమ్మలు, రెండు శుభరాత్రులు, “మేడమ్, మా బాబు ఈరోజు రాలేదు, పేజీ నంబరు చెప్పగలరా” అనే సందేశం వస్తాయి. ఒకప్పుడు థర్మోకోల్‌తో అగ్నిపర్వతం చేసినది తల్లి అయినా, కనీసం జిగురు అంటింది పిల్లవాడి చేతికే. ఇప్పుడు ‘జల సంరక్షణలో నా పాత్ర’ అనే వ్యాసాన్ని చాట్‌జీపీటీ రాస్తుంది, తండ్రి ఆఫీసులో ప్రింటు తీస్తాడు, మేడమ్ దాన్ని ఇంకో యంత్రానికి ఇచ్చి మార్కులు అడుగుతుంది. రెండు యంత్రాలు పరస్పరం పది మార్కులు వేసుకునే ఈ ఏర్పాటులో కుళాయి కట్టేయడం పిల్లవాడికి ఎవరూ చెప్పలేదన్న ఒక్క వెలితి తప్ప, వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇక్కడ ఒక మాస్టారి ఉదంతం ప్రస్తావించక తప్పదు. ఆయన మా దూరపు బంధువు, గణితం చెబుతారు. దసరా సెలవుల్లో కుటుంబంతో తిరుమల వెళ్లి తలనీలాలు సమర్పించుకుని వచ్చారు. సెలవులైన మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి ఫోను ఎదుట ముఖం పెడితే యాప్ ఆయన్ను గుర్తుపట్టలేదు. కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు, నవ్వారు, గంభీరంగా చూశారు, ఫలితం లేదు. ఈలోగా ఆరో తరగతి పిల్లలు గేటు అవతలి నుంచే “సార్ గుండు కొట్టించుకున్నారోయ్!” అని కేకలు పెడుతూ వచ్చి లడ్డూ అడిగారు. ఆయన ఎవరో వాళ్లకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అయితే పిల్లల గుర్తింపుకు సర్వరు అనుబంధం లేదు కనుక దాన్ని పరిగణనలోకి తీసుకోవడం కుదరలేదు. ఆయన సెలవులో ఉన్నట్లు నమోదైంది.

మండల కార్యాలయంలో అడిగితే పాత ముఖం తీసేసి కొత్త ముఖం నమోదు చేయవచ్చన్నారట. కానీ జుట్టు పెరిగాక మళ్లీ పాత ముఖం కావలసి వస్తుంది. అందుకని ఆగమని వారే సలహా ఇచ్చారు. తలనీలాలిచ్చిన సంగతికి తిరుమల రసీదు ఏదైనా ఉంటే జతచేయమన్నారు కూడా.

ప్రస్తుతం ఆయన జుట్టు రెండు వేళ్ల మందం పెరిగింది. యాప్ రోజు విడిచి రోజు గుర్తుపడుతోంది. గుర్తుపట్టిన రోజున ఆయన విధుల్లో ఉన్నట్లే కనుక గుడ్ల లెక్క, పప్పు ఫొటో, పిల్లల వివరాల సవరణ, మూడు గ్రూపుల్లో వచ్చిన అత్యవసర సందేశాలకు జవాబులు అన్నీ ఆయనవే. గుర్తుపట్టని రోజున ప్రభుత్వ లెక్కలో ఆయన బడిలో లేరు. బడిలో లేని మనిషిని ఏ సమాచారమూ అడగరు. ఆ రోజుల్లో ఆయన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా సుద్దముక్క పట్టుకుని పాఠమే చెబుతున్నారట. ఆరో తరగతికి భిన్నాలు అయిపోయి దశాంశాల్లోకి వెళ్లారని, వచ్చే నెలలో కుటుంబంతో మళ్లీ తిరుమల ప్రయాణం పెట్టుకున్నారని తెలిసింది.