సవరణ: ఫోమ్ పలకలు వీధి మోతను ఆపవు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఇళ్లలో మోత తగ్గించుకోవడంపై ఇంతకుముందు రాసిన టపాలో ‘గోడలకు ఫోమ్ అంటిస్తే శబ్దం తగ్గుతుంది’ అన్న వాక్యం ఉంది. దాన్ని ఇలా చదవండి: ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి హారన్లను ఆపదు. పలకలు కొనబోతున్నవారు దయచేసి ఆగండి.

మెత్తని, గాలి దూరే పదార్థం తనను తాకిన ధ్వనిలో కొంత పీల్చుకుంటుంది, అంతే. బయటి ధ్వనిని అడ్డుకోవడానికి బరువు కావాలి. ఒకే పొర ఉన్న గోడ బరువు రెట్టింపైతే సుమారు 5 నుంచి 6 డెసిబెల్స్ అదనంగా తగ్గుతాయి. రెండు వైపులా పూత పూసిన ఇటుక గోడ ఇప్పటికే ఆ పని బాగానే చేస్తుంది. అసలు బలహీనత కిటికీలదీ తలుపులదీ. గాలి దూరే ప్రతి సందులోనూ ధ్వని దూరుతుంది. అందుకే ముందు రబ్బరు పట్టీలతో సందులు మూయాలి. మందపాటి అద్దం ఆలోచన ఆ తర్వాతే. సందులు వదిలేసి ఖరీదైన అద్దం వేయించడం వృథా అని నా గట్టి అభిప్రాయం.

మరొకటి: నివాస ప్రాంతాల శబ్ద పరిమితిగా ఆ టపాలో ఇచ్చిన 55 డెసిబెల్స్ పగటికి మాత్రమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అది 45.