పేదరికానికి 244 రోజులు

తెలంగాణలో ఏటా పెరిగేవి చాలా ఉన్నాయి. ఇంజినీరింగ్ ఫీజులు, కంప్యూటర్ సైన్స్ సీట్లు, కాలేజీ బస్సు చార్జీలు. ఎంతకీ పెరగనిది ఆదాయ ధ్రువపత్రం మీది అంకె. బీసీ, ఈబీసీ (ఓసీల్లో పేదలు) పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఊళ్లో ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, పట్నంలో అయితే రెండు లక్షలు దాటకూడదు. అందుకని అడ్మిషన్ల సీజన్ రాగానే మీసేవ కౌంటర్ దగ్గర జనం సంపాదన లక్షన్నరకు రెండు మూడు వేలు ఇవతలే బుద్ధిగా ఆగిపోతుంది. ధరలను ఇంత క్రమశిక్షణలో పెట్టడం రిజర్వు బ్యాంకుకు కూడా చేతకాలేదు.

ఈ లక్షన్నరను గౌరవించాలంటే చిన్న లెక్క రావాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ రేటున ఆలుమగలిద్దరూ ఏడాదిలో 244 రోజులు ఎక్కడైనా కూలికి వెళ్తే వచ్చేది 1,49,816. నిఖార్సయిన పేదలు. 245వ రోజు కూడా పార పట్టుకున్నారో, లెక్క 1,50,430కి చేరి సంపన్నుల జాబితాలోకి ఎక్కేస్తారు. కాబట్టి కొడుకు బీటెక్ చదువుతున్న దంపతులకు మా సలహా: 244 దాటాక ఇద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండండి. లేదా మండల కేంద్రం వదిలేసి పట్నంలో అద్దెకు దిగండి. అద్దె కట్టలేకపోయినా పరిమితి మాత్రం 50 వేలు కలిసొస్తుంది.

ఇదే దేశంలో ఓసీ పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాకు 8 లక్షల లోపు వాళ్లు పేదలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పైసా కట్టక్కర్లేదు. అంటే నెలకు 60 వేలు తెచ్చుకునే ఓసీ ఇల్లు సీటు దగ్గర పేద, పన్ను దగ్గర కూడా పేదే, ఫీజు దగ్గర మాత్రం జమీందారు.

సరే, పేదరికం రుజువైంది. ఆపైన స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే అక్కడే ఆగుతుంది. అది సరిచేసుకుని, వేలిముద్ర వేసి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి, 75 శాతం హాజరు చూపిస్తే, కాలేజీ నుంచి సంక్షేమాధికారికి, అక్కడి నుంచి ట్రెజరీకి ఫైలు చేరుతుంది. ట్రెజరీ ఒక టోకెన్ నంబరు ఇస్తుంది. డబ్బు కాదు, నంబరు. గుడిలో దర్శనం టోకెన్‌కు టైమైనా వేస్తారు.

ఇక బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎప్‌సెట్ ర్యాంకు పదివేలు దాటితే సర్కారు ఇచ్చేది 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి, మిగతా 65 వేలు ఇంట్లోవాళ్లు కట్టాలి. ఏడాదికి లక్షన్నర కూడా లేదని తహసీల్దార్ సంతకం చేసిన ఇంటివాళ్లు, అందులో 43 శాతం తెచ్చి కౌంటర్లో పోయాలి. సంతకం నిజమైతే ఫీజు కట్టలేరు, ఫీజు కట్టారంటే సంతకం అబద్ధం. ఈ చిక్కును మన వ్యవస్థ ఎంతో సంస్కారంతో పట్టించుకోదు.

ఇంత జరుగుతున్నా పిల్లలు కాలేజీలకు వస్తూనే ఉన్నారు. 2021-22 కేంద్ర ఉన్నత విద్యా సర్వే ఏఐఎస్‌హెచ్ఈ లెక్క ప్రకారం ఉన్నత విద్యలో చేరిక దేశంలో 28.4 శాతం, తెలంగాణలో 40. రాష్ట్రం ఈ అంకె చెప్పి మీసం మెలేస్తుంది, కాలేజీయేమో బకాయిల లిస్టు పట్టుకుని సెక్రటేరియట్ చుట్టూ తిరుగుతుంది. దేశం సంగతి చెప్పాలా? జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టమని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం అదే అంకెను మళ్లీ భక్తితో రాసుకుంది. ఇంత పాత టోకెన్ ఏ ట్రెజరీలోనూ దొరకదు.

ఈలోగా కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరాల్సిన కుర్రాడు టీసీ కోసం కిటికీ ముందు నిలబడతాడు. సర్కారు సొమ్ము పడలేదు, నువ్వు కడితే ఇస్తాం, పడ్డాక వాపసు చేస్తాం అంటారు లోపలివాళ్లు. ఇక్కడే చిన్న సవరణ కోరుతున్నాం. అతనికి కూడా ఒక టోకెన్ నంబరు రాసిచ్చి టీసీ తీసుకుపోయే వెసులుబాటు కల్పించాలి. కాలేజీ దగ్గర అలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి, పక్కన పెట్టుకుంటుంది.