చెడు వార్త ఎవరు చెప్పాలి?

మొన్న మన వార్షిక సభల్లో బిజినెస్ ఫోరమ్‌కి వచ్చినవాళ్ళకు ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. అవార్డు అందుకున్న కంపెనీ యజమాని తెర మీద తమ ఐదు విలువలు చూపించారు. మొదటిది ‘క్లయింటే దేవుడు’. వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "ఒప్పుకున్న తేదీకి పని అవ్వదని టీమ్‌లో అందరికీ తెలిసినప్పుడు, ఆ మాట క్లయింట్‌కి ఎవరు చెప్పాలండీ?" అని అడిగింది. యాంకర్ గారు మైకు లాక్కున్నంత పని చేసి, "ఇవాళ సంబరం, ఆఫీసు టెన్షన్లు సోమవారం చూసుకుందాం తల్లీ" అన్నారు. హాలంతా చప్పట్లు. నాకు గుచ్చుకున్నవి ఆ చప్పట్లే.

యజమాని మీద నాకేం కోపం లేదు. నెలనెలా జీతాలివ్వడానికి చిన్న కంపెనీలు పడే పాట్లు తెలుసు. ఒక్క క్లయింట్ జారిపోతే ఎన్నో కుటుంబాలు ఇబ్బందిలో పడతాయి. కానీ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు లేని కంపెనీలో మిగతా నాలుగు విలువలూ గోడకు అలంకారమే.

నా వెనకటి ఉద్యోగంలో ఒక బీమా క్లయింట్ డేటాని పాత సిస్టమ్‌లోంచి కొత్తదానిలోకి మార్చే ప్రాజెక్టు ఉండేది. ప్రతి శుక్రవారం స్టేటస్ రిపోర్టులో గ్రీనే, అంటే అంతా సవ్యంగా ఉందనే. టెస్టింగ్ చూసే కుర్రాడు కొన్ని పాలసీల్లో నామినీ పేర్లు ఖాళీగా వస్తున్నాయని మేనేజర్‌కి చెప్పాడు, మెయిలూ పెట్టాడు. "గో లైవ్ అయ్యాక చూద్దాం, ఇప్పుడు కదిలించకు" అని జవాబు. అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చాక అని. అతని వీసా కంపెనీ చేతిలో ఉంది, ఇంకేం కదిలిస్తాడు? చివరికి డెమోలో క్లయింట్ తరఫు పెద్దావిడే అలాంటి పాలసీ ఒకటి తెరిచింది. కాల్‌లో ఎవరూ నోరు మెదపలేదు. ఆవిడ కోప్పడలేదు. "ఇది మీకు ఎప్పటినుంచి తెలుసు?" అని మాత్రం అడిగింది. పేర్లన్నీ వారం తిరక్కుండా సరిచేశాం. తర్వాతి కాంట్రాక్టు మాత్రం మాకు రాలేదు.

పెద్ద కంపెనీలూ ఇందుకు మినహాయింపు కాదు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు తన విలువల పుస్తకంలో కస్టమర్‌కి ఏది మంచిదో అదే చేయాలని రాసుకుంది. సేల్స్ టార్గెట్లు తట్టుకోలేక ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంతకుముందే ఆ ఖాతాల వల్ల సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. తప్పులు జరుగుతుంటే చెప్పమని బ్యాంకే పెట్టిన ఎథిక్స్ లైన్‌కి ఫోన్ చేశాక తమను తీసేశారని చెప్పినవాళ్ళూ ఉన్నారు. టొయోటా కర్మాగారాల్లో మాత్రం లోపం కనిపిస్తే మామూలు కార్మికుడే తాడు లాగో, బటన్ నొక్కో లైన్ ఆపించగలడు. అక్కడ ఆ హక్కు పనిలోనే భాగం.

మనవాళ్ళ నోట ఊరికే వచ్చే "అయిపోతుందండీ" అంటే నాకు ఒళ్ళుమంట అని చెప్పుకుంటూ ఉంటాను. అయితే అడిగినవాళ్ళ మనసు నొప్పించకూడదన్న మర్యాదలోంచే అది పుట్టింది. ఆ మర్యాదతోనే అర్ధరాత్రి ఫోన్ ఎత్తి మనవాళ్ళు ఎన్ని సిస్టమ్స్ నిలబెట్టలేదు! దాన్ని పూర్తిగా వదిలేయమనడానికి నాకే మనసొప్పదు. తేదీ ఇచ్చేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కంపెనీలు నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు. మీకో మనవి. స్టేటస్ రిపోర్టులో రంగు ఏదో పని చేసేవాళ్ళనే నిర్ణయించనివ్వండి. క్లయింట్ కాల్‌లో టెస్టింగ్ వాళ్ళనూ కూర్చోబెట్టి, వాళ్ళని మాట్లాడనివ్వండి. చెడు వార్త తెచ్చినవాళ్ళని "ఎవరు చేశారు?" అని అడిగే ముందు "క్లయింట్‌కి ఎప్పుడు చెబుదాం?" అనండి. దయచేసి, వాళ్ళ వీసా కాగితాలు ఆ ప్రాజెక్టు మేనేజర్ చేతిలో మాత్రం పెట్టకండి.