పాసయ్యే మార్గం పరమ రహస్యం

విజయవాడ కార్పొరేట్ కాలేజీలకు తల్లిదండ్రులతో మాట్లాడటం చేతకాదని గిట్టనివాళ్ళు కొందరు ప్రచారం చేస్తున్నారు. ఖండించక తప్పదు. రెండో టర్మ్ ఫీజుకి రేపు ఆఖరు తేదీ అంటే ఇవాళ పొద్దున్నే ఒక మెసేజీ వస్తుంది. మధ్యాహ్నం ఫోను, సాయంత్రం రికార్డు చేసిన గొంతుతో మరో ఫోను. తండ్రి ఎత్తకపోతే తల్లికి చేస్తారు, తల్లీ ఎత్తకపోతే అడ్మిషన్ ఫారంలో ఎప్పుడో రాసిచ్చిన మేనమామ నంబరు వెతికి మరీ చేస్తారు. ఇక జేఈఈ ఫలితాలు ఇలా వచ్చాయో లేదో, బెంజి సర్కిల్ చుట్టూ ఫ్లెక్సీలు అలా లేచి నిలబడతాయి. ఇంత పకడ్బందీగా కబురు చేరవేసేవాళ్ళు ఇంకే రంగంలో ఉన్నారో చూపించమనండి.

ఒక్క విషయంలో మాత్రం మౌనవ్రతం. పిల్లవాడి చేతికి ఇంటర్ సర్టిఫికెట్ రావాలంటే ఏమేం పూర్తి చేయాలన్నది ఎవరూ చెప్పరు. దీన్ని నిర్లక్ష్యం అనుకోవడం మన అజ్ఞానం. అది గురుసంప్రదాయం. మంత్రం చెవిలో చెప్పాలిగానీ చాటకూడదు. రామానుజాచార్యులవారు తిరుక్కోష్టియూరులో గోపురం ఎక్కి అష్టాక్షరిని ఊరందరికీ వినిపించేశారు, గురువుగారి ఆగ్రహానికి గురయ్యారు. మన ప్రిన్సిపాల్‌గార్లు అలాంటి పని చచ్చినా చేయరు. వాళ్ళ గోపురం మీద ర్యాంకులు మాత్రమే ఉంటాయి.

ఎథిక్స్ పేపరు సంగతే చూడండి. ఇంటర్ బోర్డు మొదటి సంవత్సరం పిల్లలకు ‘ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్’ అని ఒక పరీక్ష, ‘ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్’ అని ఇంకో పరీక్ష పెడుతూ వస్తోంది. వీటి మార్కులు మొత్తంలో కలవవు. కానీ ఇవి పాసవ్వకపోతే వెయ్యికి 980 వచ్చినవాడికి కూడా పాస్ సర్టిఫికెట్ ఇవ్వరు. మార్కులు కలవవు అన్న మొదటి ముక్క కాలేజీకి బాగా వినబడింది. రెండో ముక్క వచ్చేసరికి స్టడీ అవర్ బెల్లు మోగినట్టుంది. వాళ్ళ తర్కం కూడా కాదనలేనిదే. ఫ్లెక్సీ ఎక్కని మార్కు మార్కెలా అవుతుంది? ఫ్లెక్సీ మీద పర్సంటైల్ పక్కన ‘మానవ విలువలు: పాస్’ అని వేస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఆ కాలేజీలో ఇంకేమీ చెప్పరు కాబోలు అనుకోరూ?

అలాంటి కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర పటమట తండ్రి ఒకరు నిలబడితే సంభాషణ ఈ తీరున నడుస్తుంది.

“మీ బాబుకి ఎథిక్స్‌లో ఆబ్సెంట్ పడింది సార్.”

“ఆ పరీక్ష ఎప్పుడు పెట్టారండీ?”

“సంక్రాంతి సెలవులయ్యాక.”

“ఆ రోజు మావాడు కాలేజీలోనే ఉన్నాడే!”

“ఉన్నాడు సార్. జేఈఈ గ్రాండ్ టెస్ట్ రాశాడు. మంచి మార్కులొచ్చాయి.”

“మరి మాకెవరూ చెప్పలేదేమిటండీ?”

“నోటీస్ బోర్డులో పెట్టాం కదండీ.”

“అదెక్కడుంది?”

“హాస్టల్ బ్లాకులో. పేరెంట్స్‌కి లోపలికి పర్మిషన్ లేదనుకోండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నైతిక విలువలకు లోటు లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. తప్పిన పేపరు మరుసటి ఏడాది రాసుకునే వీలుంది కాబట్టి కొంప మునగలేదు. కాకపోతే మునగలేదన్న సంగతి కూడా ఆయనకి ఎవరో పక్కింటివాళ్ళు చెప్పాలి.

తల్లిదండ్రులూ తక్కువ తినలేదు. చేర్చేటప్పుడు ఏసీ గదులా కాదా, ఆదివారం చికెన్ పెడతారా, సెక్షన్ పేరేమిటి అని గుచ్చి గుచ్చి అడుగుతారు. రెండో సంవత్సరంలో ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఉంటాయి కదా, ల్యాబు తలుపు ఏ నెలలో తెరుస్తారండీ అని అడిగిన మహానుభావుడు నాకింతవరకూ తారసపడలేదు.

ప్రాక్టికల్స్ కంటే గుట్టుగా దాచేది 75 శాతం నిబంధన. జేఈఈలో ఎంత ర్యాంకు కొట్టినా ఎన్‌ఐటీ లాంటి కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీలో సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకైతే 65. లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. రెండేళ్ళపాటు ‘ఇంటర్ బోర్డు పరీక్షలు మనకెందుకురా, కాంపిటీటివ్ మీద పెట్టు’ అని వాయించి, కౌన్సెలింగ్‌లో కాగితాలు చూసే రోజున అసలు సంగతి తెలిసేలా చేయడం బోధనా పద్ధతుల్లో ఒక కొత్త ఒరవడి. మన రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉందన్నదీ అంతే. బస్సులో పక్క సీటాయన చెబితే తెలియాల్సిందే.

బోర్డువారు కూడా కాలేజీలకి యథాశక్తి సాయం చేస్తున్నారు. 2025-26 నుంచి మొదటి సంవత్సరంలో మ్యాథ్స్ ఏ, బీ కలిపి నూరు మార్కుల ఒకే పేపరు చేశారు. అదే ఏడాది రెండో సంవత్సరంలో ఉన్నవాళ్ళకి పాత లెక్కే, 75కి రెండు పేపర్లు. అన్న ఒక పద్ధతి, చెల్లెలు ఒక పద్ధతి. ఆ ఇంట్లో అమ్మ పరిస్థితి ఆలోచించండి. మార్పు మంచిదే కావచ్చు, అది వేరే చర్చ. కాలేజీనుంచి వచ్చిన మెసేజీ మాత్రం యూనిఫాం కొలతల గురించి.

ఇంటర్ గట్టెక్కితే ఇక భయం లేదనుకునేవాళ్ళు గుంటూరు వైపు ఒకసారి రావాలి. 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు కలిపి పది నెలలు తప్పనిసరి చేశారు. ఆఖరి సెమిస్టర్‌లో ‘అదేంటి మామా’ అని ఒకరినొకరు అడుక్కునే పిల్లలు బ్రాడీపేట టీకొట్ల దగ్గర దొరుకుతారు. ఇంజినీరింగ్‌ది ఇంకా గంభీరమైన తత్వం. డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. అవన్నీ తెచ్చుకున్నాక, భారత రాజ్యాంగం అనే ఒక కోర్సు మిగిలి ఉందని తెలుస్తుంది. దానికి సున్నా క్రెడిట్లు. అయినా అది పాసవ్వకుండా పట్టా లేదు. సున్నాకున్న విలువ బ్రహ్మగుప్తుడి తర్వాత ఇంత బాగా గుర్తించింది మన యూనివర్సిటీలే.

నాదొక చిన్న మనవి. ఏ గ్రూపు పిల్లవాడు ఏయే పరీక్షలు రాయాలి, ఏది కలుస్తుంది, ఏది కలవకపోయినా పాసవ్వాలి, ఏది ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి చేర్చిన రోజే ఇవ్వవచ్చు. ఫీజు రసీదు వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, అక్కడ వేసినా చాలు. ఈ మనవే మొన్న మా వీధిలో ఒకాయన, అడ్మిషన్ల కోసం ఇళ్ళకి తిరిగే కాలేజీ పీఆర్వోగారి ముందు పెట్టారు. అబ్బాయి పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలవనే లేదు, పీఆర్వోగారు మాత్రం అప్పటికే ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని కాఫీ పుచ్చుకుంటున్నారు. అన్నీ సావకాశంగా విన్నారు. కప్పు కింద పెట్టారు.

“అవన్నీ ఆఫీసులో ఏఓగారు చూసుకుంటారండీ. ముందు అడ్వాన్సు కట్టేసి సీటు బ్లాక్ చేసుకోండి సార్. మిగతావి వాట్సాప్ గ్రూపులో పెడతాం.”